కొంగు మీది చెయ్యి

నా మొదటి శృంగార కథ డ్రాఫ్టు 4 పేజీలు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ 40 దాటినవాళ్లు. అతను మూడేళ్ల తర్వాత దుబాయి నుంచి జగిత్యాల దగ్గరి ఊరికి వచ్చాడు. రెండో పేరాకే లైటు ఆరింది, చీర జారింది, ఆమె కడుపు మీది ఆపరేషన్ మచ్చతో సహా అన్నీ చెప్పేశాను. మిగతాదంతా విశేషణాలు. చదివిన స్నేహితురాలు ‘వాళ్లు ఆగలేరు సరే, నువ్వెందుకు ఆగలేదే?’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి చూపింది శృంగార పదాలు, అంటే నాట్యానికి పాడే పాటలు, రాసిన క్షేత్రయ్య. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను కాబట్టి ఆయన పదాల నడక నా ఒంటికి తెలుసు. 17వ శతాబ్దపు ఆ పదాలు ఈనాటికీ ఎక్కువగా విలంబకాలంలో, అంటే బాగా నెమ్మదిగా, పాడతారు. పల్లవిలో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే, అభినయించే మనిషి ఒకసారి అలక, ఇంకోసారి జ్ఞాపకం, మరోసారి బెంగ పట్టి చూపిస్తుంది. మాట మారదు, నాయిక మాత్రం మనకు కొంచెం కొంచెంగా తెలుస్తూ ఉంటుంది.

నా కథకూ ఒక పల్లవి కావాలనుకున్నాను. మచ్చను చివరికి జరిపేసరికి అది దానంతటదే దొరికింది. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకున్నా, అతను కంగారు పడతాడని ఆమె ఆపరేషన్ సంగతి చెప్పలేదు. అందుకని ఆమె చెయ్యి మాటిమాటికీ కొంగు దగ్గరికి పోతుంది. అన్నం వడ్డిస్తూ సర్దుకుంటే అలవాటేమో అనిపిస్తుంది. పక్క వేస్తూ బిగించుకుంటే సిగ్గనిపిస్తుంది. అతను భుజం మీద చెయ్యి వేయగానే గట్టిగా పట్టుకున్నప్పుడు అది భయమని తెలుస్తుంది.

ఆ భయానికీ అతని వేళ్లు నడుము దాకా రావడానికీ మధ్య ఉన్న అర పేజీ నన్ను ఏడిపించింది. ఆరుసార్లు కొట్టేసి రాశాను. ఎక్కువ ఆపితే టెన్షన్ చచ్చిపోతోంది, తొందరపడితే మళ్లీ మొదటి డ్రాఫ్టే అవుతోంది. చివరికి, చీకటి కదా అని, కంటికి కనబడేవన్నీ తీసేశాను. ఫ్యాను చప్పుడు, మెడ దగ్గర పౌడరు వాసన, వేళ్లకు తగిలే కొత్త చీర గంజి మిగిలాయి. నేను ఇష్టపడి రాసుకున్న ఒంటి వర్ణనలు దాదాపు అన్నీ పోయాయి. కథ వేడెక్కింది అప్పుడే.

అతని వేళ్లు మచ్చ మీద ఆగుతాయి. పాత డ్రాఫ్టులో అక్కడ పెద్ద డైలాగు ఉండేది. ఇప్పుడు ‘ఎప్పుడైంది?’ అని మాత్రం అడుగుతాడు. ఆమె కొంగు మీంచి చెయ్యి తీసేస్తుంది. ఆ తర్వాత జరిగింది కూడా దాచకుండా రాశాను. ఎనిమిది వాక్యాలు సరిపోయాయి.