సెడోనా ఎర్ర కొండల్లో మూడు రోజులు, రిసార్టు కౌంటర్ దగ్గర రెండున్నర గంటలు

గత వారం అమ్మను, నాయనను తీసుకుని అరిజోనాలోని సెడోనాకు వెళ్లి వచ్చాను. కొండలు మాకు ఎంత తృప్తినిచ్చాయో, గది తాళం చేతికి వచ్చేదాకా గడిచిన రెండున్నర గంటలు అంత కష్టపెట్టాయి. ఆ బాధ ఇంకా పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను, ఎందుకంటే నాలాగే డెబిట్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని తల్లిదండ్రులను విహారానికి తీసుకువెళ్లే మనవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు.

మాది జమ్మలమడుగు. గండికోట దగ్గర పెన్నా నది చీల్చుకుని పోయే ఎర్రమల కొండలను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఉద్యోగం కోసం అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కు వచ్చిన మొదటి ఏడాదే సెడోనా ఫొటోలు చూసి, నాయన ఇక్కడికి వస్తే తప్పకుండా చూపించాలని అనుకున్నాను. బడిపంతులుగా పనిచేసి రిటైరైన నాయన జీవితంలో ఒక్క రూపాయి అప్పు చేయలేదు. అప్పు చేసి పప్పుకూడు తినకూడదనేది మా ఇంట్లో సామెత కాదు, చట్టం. మూడేళ్లుగా నేను క్రెడిట్ కార్డు తీసుకోకపోవడానికి కారణం అదే. జీతం పడే ఖాతాకు ఉన్న డెబిట్ కార్డుతోనే అన్నీ నడిపించుకున్నాను, ఎక్కడా ఇబ్బంది రాలేదు.

బుకింగ్ సులువుగానే జరిగింది. మూడు రాత్రులకు రెండు గదులు తీసుకున్నాను, రిసార్టు ఫీజుతో (గది అద్దె కాక అక్కడి వసతులకని తప్పనిసరిగా వసూలు చేసేది) కలిపి గదికి రాత్రికి 375 డాలర్లు. ఇదివరకు ఈ రిసార్టు ఫీజును చివర్లో కలిపేవారు. 2025 మే 12 నుంచి అమలులోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనుగోలుదారులను మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం, తప్పనిసరిగా వసూలు చేసే ఫీజులను ప్రకటించే ధరలోనే కలిపి చూపించాలి. కాబట్టి నేను చూసిన ధరే అసలు ధర అని నమ్మాను. పన్ను వేరుగా ఉంటుందని తెలుసు, అదీ లెక్కవేసుకున్నాను. తిరిగి ఇచ్చే డిపాజిట్ ఒకటి ఉంటుందని, అది ఆ ధరలో కనిపించదని మాత్రం నాకు తెలియదు.

ఫీనిక్స్ దాటాక 17వ నంబరు హైవే మీద పైకి ఎక్కుతున్నకొద్దీ సగువారో కాక్టస్‌లు పలచబడి మాయమవుతాయి, 298వ ఎగ్జిట్ దగ్గర కుడిఎడమలు చూసుకుని 179వ రోడ్డు పట్టుకుంటే కాసేపటికే ఎర్ర కొండలు ఎదురొస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలకు పది నిమిషాల ముందు రిసార్టుకు చేరాం.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చిరునవ్వుతోనే కార్డు అడిగింది. రెండు గదులకు పన్నుతో కలిపి 2,560 డాలర్లు, దాని పైన గదికి రాత్రికి 100 చొప్పున డిపాజిట్ 600, మొత్తం 3,160 డాలర్లని చెప్పింది. నా ఖాతాలో 4,200 ఉన్నాయి కాబట్టి ధైర్యంగా కార్డు ఇచ్చాను. కార్డు చెల్లలేదు. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ చెల్లలేదు. ఆ మాటను ఆమె చెప్పిన గొంతు మా వెనక వరుసలో నిలబడ్డ ఐదారు కుటుంబాలకూ వినిపించింది. నా కార్డుకు రోజుకు 2,500 డాలర్ల కొనుగోలు పరిమితి ఉందని అప్పటికి నాకు తెలియదు. ఒక్కొక్క గదికి విడిగా ప్రయత్నిద్దామని ఆమే అంది. మొదటి గది 1,280 డాలర్లు చెల్లింది, రెండోది చెల్లలేదు. "ఖాతాలో డబ్బు ఉందో లేదో ముందు చూసుకోండి" అంది. ఫోను తీసి ఖాతా చూపించాను. చూడటానికి ఇష్టపడలేదు. ఇంకొక క్రెడిట్ కార్డు ఉంటే ఇవ్వమని, లేకపోతే పక్కకు జరిగి నిలబడమని చెప్పింది.

పక్కకు జరగడం అంటే ఏమిటో అక్కడ నిలబడ్డవాడికే తెలుస్తుంది. అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. దారిలో తినకుండా దాచిన పెరుగన్నం డబ్బా ఆమె సంచిలో ఉంది, ఆ మెరిసే హాల్లో దాన్ని తెరవడానికి ఆమెకు మనసొప్పలేదు. నాయనకు ఇంగ్లీషు బాగా వచ్చు, జరిగినది అంతా అర్థమైంది. కొడుకు అమెరికాలో డబ్బు కట్టలేక ఒక కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడని ఆయనకు అనిపించకుండా ఉండదు కదా.

బ్యాంకుకు ఫోన్ చేశాను. పాతిక నిమిషాలకు పైగా పాట విన్న తర్వాత ఒకాయన దొరికాడు, పరిమితి సంగతి చెప్పి, ఆ ఒక్కరోజుకు దాన్ని 5,000 డాలర్లకు పెంచాడు. ప్రాణం లేచి వచ్చినట్టయి మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి ఇంకొక ఉద్యోగి ఉన్నాడు. లెక్క శుభ్రంగా ఉండాలని చెప్పి, అంతకుముందు చెల్లిన 1,280 రద్దుచేసి, మొత్తం 3,160 ఒకేసారి లాగాడు. చెల్లలేదు.

ఇక్కడ జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, కాబట్టి నిదానంగా చెబుతాను. రిసార్టులో దిగేటప్పుడు కార్డు మీద పెట్టేది చెల్లింపు కాదు, హోల్డ్. అంటే అంత సొమ్మును బ్యాంకు పక్కన కట్టిపెడుతుంది. క్రెడిట్ కార్డు అయితే ఆ కట్టు మీ అప్పు పరిమితికి పడుతుంది, మీ జేబుకు తగలదు. డెబిట్ కార్డు అయితే అది మీ సొంత డబ్బు మీద పడుతుంది. రిసార్టువారు తమ కంప్యూటర్‌లో రద్దు నొక్కినంత మాత్రాన బ్యాంకులో ఆ కట్టు వెంటనే ఊడదు, రోజులు పడుతుంది. ఆ సాయంత్రం నా 4,200లో 1,280 అలా చిక్కుకుపోయి, నా చేతికి మిగిలినవి 2,920. అతను లాగింది 3,160. పరిమితి పెరిగినా డబ్బు చాలలేదు. రద్దు చేయకుండా ఆ 1,280ని అలాగే ఉంచి, మిగతాది మాత్రమే లాగి ఉంటే అప్పుడే పని అయిపోయేది. ఆ సంగతి రోజంతా ఆ యంత్రం ముందు కూర్చునే మనిషికి తెలియదా? తెలియకపోతే అది శిక్షణ ఇవ్వనివారి తప్పు, తెలిసీ చేస్తే ఇంకా పెద్ద తప్పు.

అప్పుడు నాయన లేచి వచ్చారు. వాళ్లు ఫీనిక్స్‌లో విమానం దిగిన రోజు నేను చేతి ఖర్చులకని ఇచ్చిన మూడు వంద డాలర్ల నోట్లను ఆయన నాలుగు మడతలు వేసి, కళ్లజోడు పెట్టెలో, తుడిచే గుడ్డ కింద దాచుకున్నారు. ఆ పెట్టె తెరిచి, ఒక్కొక్క నోటు మడత విప్పి, అరచేతితో సాపుచేసి కౌంటర్ రాతి మీద పరిచారు. డిపాజిట్‌కు నగదు తీసుకోబోమని ఆ ఉద్యోగి చెప్పాడు. నోట్లను వేలి కొనతో వెనక్కి నెట్టాడు. నాయన వాటిని మళ్లీ అవే మడతల మీద మడిచి, "అబ్బీ, ఈడ మనకెందుకులే, ఇంటికి పోదాం పా" అన్నారు.

నేను ఎప్పుడూ గొంతు పెంచనివాణ్ణి. ఆ రోజు కూడా పెంచలేదు, కానీ మేనేజరు వచ్చేదాకా కౌంటర్ ముందు నుంచి కదలనని చెప్పాను. పెద్దవాళ్లు ఇచ్చే నోటును కాదనవలసి వచ్చినా చేతికి తిరిగి ఇవ్వాలి. ఏ దేశంలోనైనా ఇది ఇంట్లో నేర్చుకునే విషయం, జీతమిచ్చి నేర్పేది కాదు. మేనేజరు వచ్చాక పది నిమిషాల్లో తేలిపోయింది. ఆవిడ నా ఫోనులోని ఖాతాను చూశారు, రెండు గదులకు విడివిడిగా 1,280 చొప్పున లాగి, డిపాజిట్‌ను గదికి 100కు తగ్గించి మొత్తం 200 పెట్టారు. అమ్మకు కుర్చీ తెప్పించారు. తాళాలు చేతికి వచ్చేసరికి ఐదుంపావు దాటింది. నా ఖాతాలో మిగిలినవి 160 డాలర్లు.

ఆ మూడు రోజులూ మేము తిన్నది నాయన కళ్లజోడు పెట్టెలోని డబ్బుతోనే.

గదులు మాత్రం బాగున్నాయి, ఆ మాట దాచను. వసారాలో కూర్చుంటే ఎదురుగా కొండ, సాయంత్రం ఎండ వాలేకొద్దీ ఎరుపు చిక్కబడుతుంది. రిసార్టు ఫీజు ఎలాగూ కట్టాం కాబట్టి అందులో ఇచ్చే వేడినీటి కొలను, ఉదయపు యోగా, గైడుతో నడక, ఏదీ వదలలేదు, మీరూ వదలకండి. సెడోనా 2014 నుంచి అంతర్జాతీయ గుర్తింపు పొందిన చీకటి ఆకాశపు ఊరు, వీధి దీపాల కాంతి పైకి పోనివ్వరు. రాత్రి నాయన వసారాలో పడక కుర్చీ మీద వాలి అమ్మకు సప్తర్షి మండలం చూపించారు.

మరునాడు బెల్ రాక్ అనే కొండ చుట్టుపక్కల నడిచాం. అక్కడ కారు నిలపడానికి రెడ్ రాక్ పాస్ కావాలి, రోజుకు 5 డాలర్లది యంత్రంలో కొన్నాను. దారి తప్పకుండా ఉండేందుకు ఇనుప తీగ బుట్టల్లో ఎర్ర రాళ్లు నింపి గుర్తులుగా పెట్టారు. జూనిపర్ చెట్లు, మంజనీటా పొదలు, నాగజెముడు జాతి మొక్కలు, మధ్యలో కాళ్ల కింద మెత్తని ఎర్రమట్టి. కొండకు ఆ రంగు వచ్చింది ఇనుము వల్ల. ఒక్కొక్క ఇసుక రేణువుకూ ఐరన్ ఆక్సైడ్ పలచటి పూతలా పట్టి ఉంటుంది, లోపలి రేణువు మాత్రం మామూలు తెల్ల ఇసుకే. ఇది గైడు చెబుతుండగా అమ్మ తన చీర అంచు చూపించి, "మనింటి గోడకు జాజు పూసినట్టుంది సూడు" అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం, మన ఊళ్లలో గోడల అడుగున పూసే జాజు కూడా ఐరన్ ఆక్సైడే.

మూడో రోజు కెథీడ్రల్ రాక్. షటిల్ బస్సు నడిచే రోజుల్లో ఆ కొండ కింద పార్కింగ్ మూసేస్తారు, పార్క్ అండ్ రైడ్ స్థలంలో కారు పెట్టి బస్సు ఎక్కాలి. బస్సు ఉచితం, సమయానికి వచ్చింది, నడిపినావిడ అమ్మ కూర్చునేదాకా బండి కదల్చలేదు. పోనూ రానూ మైలుంపావు లోపే అయినా, అందులోనే ఆరువందల అడుగులకు పైగా ఎక్కాలి. మొదటి అరుగు లాంటి బండ దగ్గర అమ్మ ఆగిపోయి, నీళ్ల సీసా పెట్టుకుని కూర్చుంది. ఆ పైన రాతిలో ఒక నిట్టనిలువు చీలిక ఉంటుంది, కాళ్లూ చేతులూ రెండూ వాడితే తప్ప ఎక్కలేరు. అక్కడ పాతికేళ్లవాళ్లు వెనక్కి తిరగడం చూశాను. అరవయ్యారేళ్ల మా నాయన షూ విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకుని, కొత్తగా గంట్లు పెట్టిన రోలులా గరుగ్గా ఉన్న ఆ బండను అరికాళ్లతో తడుముకుంటూ, నాకంటే ముందు చీలిక దాటారు. పైన మెట్ట మీద దారి ముగిసిందని చెప్పే బోర్డు దగ్గర నిలబడి, ఎర్ర పొరల మధ్య అడ్డంగా పోయే సన్నటి బూడిదరంగు సున్నపురాయి పొరను నాకు చూపించారు. ఎప్పుడో ఇక్కడ సముద్రం నిలిచిన గుర్తు అది, ముందురోజు గైడు చెప్పింది ఆయన మరచిపోలేదు. గండికోట లోయ అంచున నా చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి నడక ఇంకా అలాగే ఉంది. మా బంధువుల్లో ఆ వయసులో ఆ బండ ఎక్కగలిగినవారు ఇంకొకరు లేరని గర్వంగానే చెబుతున్నాను.

వెళ్లబోయేవారు ఒక పని చేయండి. గది బుక్ చేసిన రోజే రిసార్టుకు ఫోన్ చేసి, డిపాజిట్ గదికా, రాత్రికా, డెబిట్ కార్డు తీసుకుంటారా లేదా అని అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. డెబిట్ కార్డే గతి అయితే ముందురోజే బ్యాంకులో రోజువారీ పరిమితి పెంచుకోండి, కౌంటర్‌లో ఒకసారి చెల్లిన మొత్తాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ రద్దు చేయనివ్వకండి. నీళ్లు, టోపీలు, షూల గురించి అందరూ చెబుతారు, ఇది ఎవరూ చెప్పరు. తిరుగు ప్రయాణంలో నాయనే క్రెడిట్ కార్డు మాట ఎత్తారు. "నెలనెలా మొత్తం కట్టేస్తే అది అప్పెట్లయితాది, తీసుకో" అన్నారు. ఆ రాత్రే దరఖాస్తు పెట్టాను.

నిన్న సాయంత్రం ఆ చిక్కుకున్న 1,280 డాలర్లు నా ఖాతాలోకి తిరిగి వచ్చాయి. వెంటనే ఏటీఎంకు వెళ్లి మూడు వందలు తీసి, నాయన కళ్లజోడు పెట్టెలో గుడ్డ కింద పెట్టాను. డిపాజిట్ 200 డాలర్లు ఇంకా రాలేదు. సోమవారం ఉదయం బ్యాంకుకు మళ్లీ ఫోన్ చేస్తాను.