ఆ ఎర్ర చెరువు దాటడానికి నాకు పదకొండు రోజులు పట్టింది

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక ఎల్డెన్ రింగ్ అనే వీడియోగేమ్‌లో లేక్ ఆఫ్ రాట్ అనే ఎర్ర చెరువు దాటాను. బొటనవేళ్ళు ఇంకా లాగుతూనే ఉన్నాయి. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను, ఎందుకంటే నాలాగా ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక గంటో గంటన్నరో ఆడుకునేవాళ్ళకి ఆ చెరువు గురించి అసలు సంగతి ఎవరూ చెప్పడం లేదు.

గేమ్ వచ్చింది 2022 ఫిబ్రవరిలో, నేను కొన్నది మొన్న సంక్రాంతికి. సమురాయ్ పాత్రతో మొదలుపెట్టాను. కేలిడ్ అనే ప్రాంతంలో ఉన్న ఎయోనియా చిత్తడి గురించి అందరూ తెగ భయపెట్టారు గానీ అక్కడ మనకి టోరెంట్ అనే గుర్రం ఉంది, దాని మీంచి దిగకుండా ఉంటే ఆ బురద మనల్ని ఏమీ చేయదు. మౌంట్ గెల్మిర్‌లో లావా కూడా చూసుకుని నడిస్తే సరిపోయింది. రన్నీ అనే పాత్ర కథ కోసం నోక్రాన్ అనే చోటు నుంచి కత్తి తెచ్చివ్వడం, ఐన్సెల్ నది దగ్గర ఆ చిన్న బొమ్మతో మాట్లాడటం, నోక్‌స్టెల్లా అనే ఊరు దాటాక నీడలాంటి శత్రువుని చంపడం, ఇవన్నీ ఒక్క ఆదివారంలో అయిపోయాయి. అక్కడి నుంచి లిఫ్ట్ దిగాను.

కిందకి దిగితే కనుచూపు మేర ఎర్రటి చెరువు, మధ్యలో అక్కడక్కడా విరిగిపోయిన రాతి కట్టడాలు. గుర్రాన్ని పిలిస్తే రాదు, ఆ చెరువులో దాన్ని రానివ్వరు. కాలు పెట్టగానే తెర మీద ఒక గీత నిండటం మొదలవుతుంది. అది నిండిందా, స్కార్లెట్ రాట్ అనే కుళ్ళు రోగం పట్టేస్తుంది. ఇక గట్టెక్కినా సరే ప్రాణం కారిపోతూనే ఉంటుంది.

ఒక వీడియోలో ఒకాయన ఎంతో ధీమాగా చెప్పాడు, ప్రిజర్వింగ్ బోలసెస్ అనే మందు ఉండలు పదిహేను పెట్టుకో, రాట్ పట్టిన ప్రతిసారీ ఒకటి మింగుతూ పరిగెత్తు అని. నమ్మాను. ఆ ఉండలకి సరుకు ఏరడానికే మూడు రాత్రులు పోయాయి. తీరా చెరువులో ఉండ మింగుతుంటే నడక నెమ్మదిస్తుంది, మింగడం పూర్తయ్యేసరికి గీత మళ్ళీ మొదటి నుంచి నిండుతూ ఉంటుంది. పదిహేను ఉండలూ సగం చెరువులోనే అయిపోయాయి. చచ్చాను, నలభై వేల రూన్లు, అంటే ఆ ఆటలో డబ్బు, ఆ ఎర్రనీళ్ళలో పడిపోయాయి, వాటికోసం వెళ్ళి మళ్ళీ చచ్చాను. ఇలా ఎనిమిది రాత్రులు. తాము అప్పటికే లెవెల్ నూటయాభై దాటి, ఆ బలంతో నడిచేసి, అదేదో ఉపాయం అన్నట్టు చెప్పేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం. ఎదుటివాడి టైమ్ అంటే వాళ్ళకి లెక్క లేదు.

తొమ్మిదో రోజు మా బామ్మర్ది వచ్చాడు. బీటెక్ రెండో సంవత్సరం. సోఫా మీద పడుకుని ఫోన్ చూసుకుంటూ నేను ఏడుసార్లు చావడం చూశాడు. తర్వాత లేచి చెయ్యి చాపాడు. "బావా, ఇలా ఇవ్వు, నేను దాటించి ఇస్తాను." వంటింట్లోంచి మా ఆవిడ, "ఇచ్చెయ్యండి, వాడు చూసుకుంటాడు" అంది. ఇచ్చాను. వాడు ఆ గేమ్ అంతకుముందు ముట్టుకోలేదు. మొదటిసారికే నేను ఎనిమిది రాత్రుల్లో చేరలేని రాతిగట్టు ఎక్కి నిలబడ్డాడు. మందు సంగతి తెలియదు కాబట్టి అక్కడే చచ్చాడు, కానీ కంట్రోలర్ నా చేతికిస్తూ "అంతే బావా, పరిగెత్తడమే" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, చిన్నప్పుడు వీడియోగేమ్ షాపులో గంటకి ఐదు రూపాయలిచ్చి నేర్చుకున్నవాణ్ణి, నాకు ఇలాంటి మాట పడటం కష్టంగా అనిపించింది.

నిద్ర పట్టక పడుకుని వాడు ఆడిన ఆటే తలుచుకుంటుంటే అప్పుడు తట్టింది. వాడికి రాట్ పట్టాక ఆ గీత మళ్ళీ నిండలేదు! ఒకసారి పట్టిందంటే అది వదిలేదాకా కొత్తగా నిండేది ఏమీ లేదు. నీళ్ళలో ఉండగా మందు వేసుకోవడమే నేను చేసిన తప్పు, ప్రతిసారీ నా చేత్తో నేనే మళ్ళీ మొదలుపెట్టించుకున్నాను.

కాబట్టి చేయాల్సింది ఇది. రాట్ పట్టనివ్వండి. ప్రాణం తగ్గుతుంటే ఎర్ర సీసా తాగుతూ పరిగెత్తండి, రాతి మీదకి ఎక్కాకే మందు. ఉండల కోసం తిరగొద్దు, లియుర్నియా ప్రాంతంలో ఫైర్ మాంక్‌లు అనే శత్రువుల శిబిరంలో ఒక శవం దగ్గర ఫ్లేమ్ క్లెన్స్ మీ అనే మంత్రం దొరుకుతుంది, పాయిజన్‌కీ రాట్‌కీ అదే మందు. దానికి ఫెయిత్ అనే గుణం పన్నెండు కావాలి, సమురాయ్‌కి మొదట ఎనిమిదే, అంటే నాలుగు లెవెల్స్ అటు పెట్టాలి. నేను పెట్టాను, బాధ లేదు. సీసాల్లో మంత్రం కోసం ఒకటి రెండు నీలంవి ఉంచుకుని మిగతావన్నీ ఎరుపుకి మార్చుకోండి.

ఇంకో సంగతి. ఆ రాతి కట్టడాల మీద నేలలో పలకలు ఉంటాయి. మొదటి దాని మీద కాలు పెట్టగానే పలక కిందికి దిగింది, కంట్రోలర్ వణికింది, ముందున్న ఎర్రనీళ్ళలోంచి రాతి దిమ్మెలు నీళ్ళు కారుకుంటూ పైకి లేచాయి. ఒళ్ళు జలదరించింది. అంటే దారి కట్టే పెట్టారు, వెతుక్కోమన్నారు. ఈ గేమ్ డైరెక్టర్ మియజాకికి విషపు చిత్తళ్ళు చేయడం ఇష్టమని ఆయనే చెప్పుకున్నాడు. ఆ దిమ్మెలు లేచినప్పుడు నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. చెరువులో ఉండే ఆ పెద్ద డ్రాగన్‌కిన్ సోల్జర్ జోలికి మాత్రం పోకండి, చంపక్కర్లేదు.

చెరువు అవతల ఉన్న గ్రాండ్ క్లాయిస్టర్ అనే కట్టడం మెట్లెక్కి, మంత్రం చదివి, రాట్ పోగొట్టుకుని ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. తర్వాత శవపేటికలో పడుకుని కిందికి వెళ్తే ఆస్టెల్. అంత పేరున్న బాస్‌ని మూడోసారికే కొట్టేశాను. ఫొటో తీసి బామ్మర్దికి పంపాను. పొద్దున్నే ఫోన్ చేశాడు, "బావా, ఆ చెరువు ఎలా దాటావు?" అని. మొత్తం చెప్పాను, గీత సంగతి వాడి వల్లే తెలిసిందని కూడా చెప్పాను.