టికెట్టు మీద చిన్న అక్షరాలు

నయాగరా చూడాలన్నది మా ఆవిడ చిరకాల కోరిక. కారులో ఏడు గంటలు కూర్చోవడం మా నడుములకు పడదని, అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న మా అబ్బాయి, దగ్గరి నెవార్క్ నుంచి నయాగరా పక్కనున్న బఫెలోకు విమానం టికెట్లు తీశాడు. తోక మీద ఉన్నది పెద్ద కంపెనీ పేరే అయినా, లోపల మాత్రం ఒక పక్క ఒకటి, మరో పక్క రెండు చొప్పున మొత్తం యాభై సీట్లే. చేతిపెట్టె పై అరలో పట్టదని ద్వారం దగ్గరే గులాబీ రంగు చీటీ కట్టి తీసుకున్నారు. ఆ తరువాత గంటన్నర సేపు విమానం కదలలేదు.

నా పక్కన యూనిఫాంలో ఒక యువకుడు కూర్చున్నాడు. ఇలాంటి విమానాల్లోనే కో-పైలట్ అట. ఇల్లు బఫెలోలో, డ్యూటీ నెవార్క్‌లో కావడంతో సెలవు దొరికినప్పుడు ఖాళీ సీటు చూసుకొని ఇంటికి వెళతాడు. డ్యూటీ రోజుల్లో మరో ఏడుగురితో కలిసి అద్దెకు తీసుకున్న గదిలో, మంచం మీద మంచం వేసిన చోట పడుకుంటాడు. దానిని వాళ్ళు క్రాష్‌ప్యాడ్ అంటారు. ఆలస్యానికి నేను విసుక్కుంటుంటే నవ్వి, తలుపు మూసి బ్రేకులు వదిలేదాకా ముందున్న ఇద్దరికీ జీతం గంట మొదలు కాదని చెప్పాడు.

టికెట్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మరో కంపెనీ పేరును వేలితో చూపించాడు. టికెట్లు అమ్మేది, ధర పెట్టేది పెద్ద కంపెనీ. విమానం నడిపేది రీజనల్ కంపెనీ, అంటే దగ్గరి ఊళ్ళకు చిన్న విమానాలు నడిపే సంస్థ. నడిపినందుకు ఒప్పందం ప్రకారం రుసుము ముడుతుంది. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో పనిచేసినవాణ్ణి కనుక నాకు వెంటనే అద్దె బస్సు గుర్తుకొచ్చింది: అదే రంగు, అదే బోర్డు, కిలోమీటరుకు ఇంతని లెక్క, స్టీరింగు దగ్గర మాత్రం యజమాని పెట్టుకున్న డ్రైవరు.

అద్దె బస్సులను మా యూనియన్లు ఎందుకు వద్దన్నాయో తెలిసినందువల్ల, అతను చెప్పిన తరువాతి సంగతి నాకు ఆశ్చర్యమనిపించలేదు. పెద్ద కంపెనీల పైలట్లు తమ పని చేజారకుండా ఒప్పందంలో 'స్కోప్' అనే షరతు రాయించుకున్నారు. రీజనల్ జెట్‌లో 76 సీట్లు, 86,000 పౌండ్ల బరువు మించకూడదు. ఎంబ్రేయర్ 175 అనే విమానంలో 88 సీట్ల దాకా పట్టే చోటున్నా ఇక్కడ 76 దాటనివ్వరు. చిత్రమేమిటంటే, గీత గీసినవాళ్ళూ గీత కింద ఉన్నవాళ్ళూ చాలాచోట్ల ఒకే యూనియన్ సభ్యులు. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. 2022లో పైలట్ల కొరత వచ్చాక జీతాలు బాగా పెరిగిన మాట అతనూ ఒప్పుకున్నాడు. అయితే ఒప్పందం పోతే కంపెనీయే ఉండదు. 2020లో కంపాస్, ట్రాన్స్ స్టేట్స్ అనే రీజనల్ కంపెనీలు మూతపడ్డాయి. అప్పుడు ఎంత అనుభవమున్న కెప్టెనైనా మరో కంపెనీ సీనియారిటీ జాబితాలో అడుగున చేరవలసిందే.

విమానం దిగుతున్నప్పుడు అతను మాట ఆపి కిటికీ వైపు చూశాడు. 2009 ఫిబ్రవరి 12న ఇదే నెవార్క్ నుంచి బయలుదేరిన కాల్గన్ ఎయిర్ అనే రీజనల్ కంపెనీ విమానం 3407, కాంటినెంటల్ అనే పెద్ద కంపెనీ పేరు మీద ఎగురుతూ, బఫెలోకు కొద్ది దూరంలోని క్లారెన్స్ సెంటర్‌లో ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, ఇంట్లో ఒకరు చనిపోయారు. వేగం తగ్గిందన్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని విచారణ తేల్చింది. కో-పైలట్ వయసు 24. డ్యూటీకని ముందు రాత్రంతా సరుకు విమానాల్లో సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా వచ్చింది. కెప్టెన్ కునుకు తీసింది సిబ్బంది గదిలో. మృతుల కుటుంబాలు పట్టుబట్టి 2010లో చట్టం తెప్పించాయి. అంతకు ముందు 250 గంటల అనుభవంతో కో-పైలట్ కాగలిగేవారు. 2013 నుంచి సాధారణంగా 1,500 గంటలు ఉండాలి.

మర్నాడు నయాగరాకు వెళ్ళే ముందు క్లారెన్స్ సెంటర్ వైపు తిప్పమని టాక్సీ అతన్ని అడిగాను. ఇళ్ళ వరుసలో ఒక్కచోట ఇల్లు లేదు, స్మారకం ఉంది. మా ఆవిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

టాక్సీలో కూర్చున్నాక తిరుగు ప్రయాణపు టికెట్టు తీసి అడుగున చదివాను. అక్కడ ఇంకో కంపెనీ పేరుంది.