కాలువలు కట్టేసిన నెలలో ఇంటర్న్‌షిప్

మే నెల, బుధవారం

ఆరు గంటలకే ఏటిగట్టు మీద ఎండ చురుక్కుమంటోంది. కాలువలు కట్టేశారు కాబట్టి ఊళ్లోకి కొత్తనీరు రాదు, ముందుగా నింపుకున్న మంచినీళ్ల చెరువే దిక్కు. డిగ్రీ పిల్లల్ని కోనసీమ ఊళ్లో ఉంచి పని నేర్పడానికి ఇదే అనువైన కాలం. దాళ్వా (రబీ వరి) కోతలైపోయాయి, సార్వా (ఖరీఫ్) నారుమళ్లు ఇంకా పడలేదు, మనుషులు అరుగుల మీద దొరుకుతారు. నీళ్ల కష్టం అడక్కుండానే కనబడుతుంది. ఎండతోనే ఇబ్బంది. ఇళ్లకు తిరిగే పని ఉదయం ఆరు నుంచి పది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు వరకు పెట్టుకోవాలి. మధ్యాహ్నం నీడపట్టున రాసుకోవడమే. లంక గ్రామాల్లో ఉంచాలన్నా జూన్ లోపే ముగించాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది వస్తాయి. వరద రోజుల్లో బయటి ఊరి పిల్లల్ని పాయల మధ్య ఉంచడం సేవ అనిపించుకోదు, ఊరికి అదనపు బరువవుతుంది.

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, 180 గంటలు. అంతకు ఎంతో ముందే, 1969లో, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వచ్చింది. రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల శిబిరం. కాగితం మీద రెండూ బాగానే ఉంటాయి. కానీ ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చి, రెండు గంటలు తిరిగి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోతే గంటలు నిండుతాయి గానీ ఊరు అర్థం కాదు. తెల్లవారుజామున కుళాయి దగ్గర బిందెల వరస, చీకటి పడ్డాక కొబ్బరి ఒలుపు పని నుంచి తిరిగొచ్చే మనిషి, ఏ పేట వాళ్లు ఏ దారిన నడవరో, ఇవన్నీ ఊళ్లో పడుకున్నవాళ్లకే తెలుస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు వరుసగా ఉండగలిగితేనే దీన్ని ఇంటర్న్‌షిప్ అనాలని నా అభిప్రాయం.

బస సంగతి తేలికగా తీసుకుంటే మిగతాదంతా చెడుతుంది. జట్టుకు ఐదుగురు, అందులో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. ఒక్క అమ్మాయిని మాత్రం ఎప్పుడూ పంపకూడదు. లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి, నీళ్లు, రాత్రి లైటు, ఈ మూడూ ముందుగా ఎవరో ఒకరు కళ్లతో చూసి రావాలి. సర్పంచి గారి మేడ మీద గది ఇస్తామంటారు, మర్యాదగా వద్దనాలి. అక్కడ దిగితే రెండో వర్గం వాళ్లు నోరు విప్పరు. పొదుపు మహిళల గ్రామ సంఘం భవనమో, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి గదో మేలు. వంట చేసిపెట్టే ఇంటికి వారం డబ్బు ముందే ఇచ్చెయ్యాలి. “పిల్లలే కదండీ, డబ్బులెందుకండీ” అంటారు. ఆ మాట మర్యాదకు అన్నదిగానే తీసుకుని డబ్బు చేతిలో పెట్టాలి. భోజనం ఒక్క ఇంట్లోనే స్థిరపడిపోకుండా వారానికో పేటకు మారాలి. ఎస్సీ పేటలో, మత్స్యకార పల్లెలో, అసలు ఊళ్లో, అన్నిచోట్లా తిన్న జట్టుకే అన్నిచోట్లా తలుపులు తెరుస్తారు. ఇది ఎవరూ నోటితో చెప్పరు. రెండో వారానికల్లా ఊరంతా లెక్క వేసేస్తుంది.

మొదటి వారం నియమం ఒక్కటే, ఏ హామీ ఇవ్వకూడదు. “రోడ్డు వేయిస్తారా బాబూ?” అని అడిగితే “అది మా చేతిలో లేదండి, మేం నేర్చుకోడానికి వచ్చాం” అనడం ఒకటికి పదిసార్లు సాధన చేయించాలి. మొహమాటానికి “చూస్తామండీ” అనేస్తారు పిల్లలు. ఊళ్లో ఆ మాటకు సరే అనే అర్థం.

ఊరివాళ్ల చేత నేల మీద ఊరి పటం గీయించే పని ఈ జట్టులో బాగా కుదిరింది. ముగ్గుపిండి, ఇటుకపొడి, బొగ్గు, కొబ్బరి ఈనెలు, చింతగింజలు ఉంటే చాలు. ముగ్గు డబ్బా ఊరివాళ్ల చేతికి ఇచ్చేసి, విద్యార్థి నాలుగడుగులు వెనక్కి నిలబడాలి. డబ్బా పిల్లల చేతిలో ఉంటే ఆ పటం పిల్లలదే అవుతుంది. రచ్చబండ దగ్గర ఒకే పటం గీయించి సరిపెట్టకూడదు. పేటకొకటి, ఆడవాళ్లతో విడిగా ఇంకొకటి గీయించాలి. ఊళ్లో గీసిన పటంలో మురుగు కాలువ ఒక సన్నగీత. పేట పటంలో అదే కాలువ నాలుగు వేళ్ల వెడల్పు, ఎందుకంటే వానాకాలంలో నీళ్లు తన్నేది వాళ్ల గుమ్మాల్లోకే. ఏది సరైనది అని తేల్చే పని పెట్టుకోవద్దు. రెండూ ఫొటో తీసి, రెండూ కాగితం మీదికి ఎక్కించాలి. ఊరి సంగతులను వరసగా పేర్చే కాలరేఖకైతే తేదీలు అడిగి లాభం లేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, 2011లో రైతులు సాగు మానేసిన పంట విరామం, 2022 జూలై వరద, వీటికి ముందా తర్వాతా అని అడిగితే పెద్దవాళ్లు ఠక్కున చెబుతారు. పంట విరామం మాటెత్తితే మురుగు కాలువల్లో పూడిక, గిట్టుబాటు కాని ధర, కూలి ఖర్చు వరసగా బయటికొస్తాయి.

ఇంటింటి సర్వేకి ప్రశ్నలు 25 దాటకూడదు, ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అడగనే వద్దు. ఈ పనికి వాటితో అవసరం లేదు, పోతే బాధ్యత ఎవరూ తీసుకోరు. 300 గడపల ఊరైతే ప్రతి ఐదో ఇల్లు, అంటే 60. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి పోవడం అన్ని జట్లూ చేసే తప్పు. కోనసీమలో తాళం వేసిన ఇల్లంటే చాలాసార్లు గల్ఫ్‌కి వెళ్లిన ఆడమనిషి ఇల్లో, కూలికి తెల్లారే వెళ్లిన జంట ఇల్లో అయివుంటుంది. వాళ్లను వదిలేస్తే ఊరు ఉన్నదానికన్నా కలిగినదిగా కనిపిస్తుంది. వేరే వేళల్లో మరో రెండుసార్లు వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే “తాళం” అని రాసి, ఆ ఇళ్లు ఎన్నో విడిగా లెక్క చూపాలి. ఫారం కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్‌లో తెలుగులో పెట్టుకుంటే సిగ్నల్ లేని లంకలోనూ పనిచేస్తుంది, రాత్రి సిగ్నల్ ఉన్నచోట పంపుకోవచ్చు.

“నీళ్ల సమస్య ఉందా?” అనే ప్రశ్న దండగ. అందరూ ఉందనే అంటారు. “నిన్న తాగిన నీళ్లు ఎక్కడివి? ఎవరు తెచ్చారు? ఎన్ని బిందెలు?” అనడగాలి. బిందె అని రాసి ఊరుకోకూడదు. ఆ ఇంటి బిందెలో లీటరు మగ్గుతో ఎన్ని పడతాయో ఒకసారి కొలవాలి. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 అవుతుంది. 15 లీటర్ల బిందెతో పద్దెనిమిదికి పైమాట. ఈ లెక్క నోట్లో నానితే విద్యార్థి అడిగే తీరే మారిపోతుంది. ధాన్యం దగ్గరా ఇదే చిక్కు. ఎకరానికి కౌలు ఇన్ని బస్తాలు అంటారు. ఆ బస్తా 75 కిలోలదా, కొనుగోలు కేంద్రంలో ఇచ్చే 40 కిలోల గోనెదా? రాయకపోతే దిగుబడి, కౌలు, అప్పు అన్నీ తప్పుతాయి. ఆదాయం ఎంత అని సూటిగా అడిగితే నిజం రాదు, అడగడమూ బాగుండదు.

ఇవాళ ప్రధానంగా నడిచింది నీళ్ల పరీక్షలు. నీళ్లలో కరిగిన లవణాలను (టీడీఎస్) చూపే పెన్ను లాంటి మీటరు తీసుకుని, పొద్దున్నే 342 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూసుకోవాలి. బోరు నీళ్లు రెండు మూడు నిమిషాలు పోనిచ్చాకే గ్లాసులో పట్టాలి. మీటరు కొనను అవే నీళ్లతో కడిగి, అంకె కదలకుండా నిలిచాక రాయాలి. ఒక్కోచోట రెండుసార్లు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఏ గంటకు కొలిచారో కూడా రాయడం తప్పనిసరి, పోటు సమయంలో ఏటి పాయలో ఉప్పు పెరుగుతుంది. తాగునీటి టీడీఎస్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనిచోట 2000 వరకు. తీరంలో ఇసుకలోని మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ, గట్టిగా తోడినకొద్దీ ఉప్పు పైకొస్తుంది. అందుకే పక్కపక్క ఇళ్లలో ఊటబావి తియ్యగా, బోరు ఉప్పగా ఉండొచ్చు. పిల్లలు మీటరు చెడిందనుకుంటారు.

మీటరులో అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని చెప్పేయడం అన్నిటికన్నా ప్రమాదం. టీడీఎస్ ఉప్పును చూపిస్తుంది, క్రిములను చూపించదు. క్రిములకు హెచ్2ఎస్ సీసా వేరే ఉంది. నీళ్లు గీత వరకు పోసి, మూత బిగించి, నీడలో 24 నుంచి 48 గంటలు ఉంచితే, నల్లబడితే మలినం కలిసిందని అనుమానం. క్లోరిన్ ఉన్న నీటిలో ఈ పరీక్ష సరిగా తేలదు. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, దానికి పసుపు రంగు తేలే చుక్కల పరీక్ష సరిపోతుంది. సీసా నల్లబడగానే వీధిలో కేకేయకూడదు. మరో నమూనా తీసి, మళ్లీ నల్లబడితే ముందు ఆ ఇంటికి, తర్వాత పంచాయతీ కార్యదర్శి గారికి చెప్పాలి. ఫలానా వాళ్ల బావి చెడిందట అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే ఆపడం ఎవరి తరం కాదు.

జట్టు చేతికి ఏ చిన్న పని ఇవ్వాలి అన్నది మూడో వారంలో తేలాలి. పెద్ద పనులు వద్దు. కౌలు రైతుల పని చాలా ఊళ్లలో అనుకూలంగా ఉంటుంది. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే చెల్లుతుంది, దానికి భూయజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని యజమాని భయం. ఆ పత్రం పంట మీదే గానీ భూమి మీద హక్కు ఇవ్వదని రెండు వాక్యాల్లో, గొంతు పెంచకుండా చెప్పగలిగితే విద్యార్థి చేయాల్సింది చేసినట్టే. ఎంతమంది సాగు చేస్తున్నారు, ఎంతమందికి పత్రం ఉంది, సంతకం ఎక్కడ ఆగింది అన్న పట్టిక ఒకటి రైతు సేవా కేంద్రానికి అందాలి. యజమాని హైదరాబాదులో ఉంటే ఫోన్లో రైతే మాట్లాడాలి. మన పిల్లలు మాట్లాడితే అది రాయబారం అవుతుంది, రేపు తగువొస్తే రైతుకే నష్టం. సంతకం రాదని తేలినచోట నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి, అప్పుకు అందరూ బాధ్యులయ్యే జాయింట్ లయబిలిటీ గ్రూపుగా బ్యాంకుకు వెళ్లే దారి ఉంది.

మురుగు కాలువ పని ఎంచుకున్న జట్టు ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని గట్టు పొడవునా నడవాలి. గుర్రపుడెక్క ఎక్కడ అట్టకట్టింది, తూము ఎక్కడ ఇరుకైంది, రొయ్యల చెరువు గట్టు ఎక్కడ కాలువలోకి జరిగింది, చోటుకొక ఫొటో. చెరువుల గట్ల దగ్గర ఇద్దరికి తక్కువ కాకుండా, స్థానికుడొకరు వెంట ఉండి నడవాలి. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీకి ఒక కాగితంలో ఒకే సమస్య రాసి, పటం జతచేసి, రసీదు నంబరు తీసుకోవాలి. ఆరు సమస్యలు కలిపి రాసిన అర్జీ ఆరు శాఖల మధ్య తిరుగుతూనే ఉంటుంది. కింద సంతకాలు రైతులవి ఉండాలి.

రాత్రి ఎనిమిదింటికి కూర్చోవడం. జట్టు పెద్ద రోజుకొకరు మారతారు. తాళాలు, ఖర్చుల పుస్తకం, మందుల డబ్బా, రేపటి వేళలు ఆ రోజు వాళ్లవే. బాగా మాట్లాడే పిల్లవాడికి ఆ రోజు రాసే పని, నోరు విప్పని అమ్మాయికి గ్రామ సంఘంలో మాట్లాడే పని అప్పగించాలి. ఉపన్యాసాలిచ్చేవాళ్లకు కాలేజీలో ఎలాగూ చప్పట్లు దొరుకుతాయి, ఇక్కడ కావలసింది వేరు. డైరీ మూడు గళ్లలో రాయాలి: చూసింది, విన్నది, నేననుకున్నది. “వీళ్లకు శుభ్రత తెలియదు” అని మొదటి గడిలో రాస్తారు. దాన్ని మూడో గడిలోకి జరిపిస్తే మొదటి గడిలో ఏం మిగిలిందని వాళ్లే వెతుక్కుంటారు. అప్పుడు కుళాయి రోజుకు ఎంతసేపు వస్తుందో రాయడం మొదలవుతుంది. వెంట ఉండే మాస్టారు మొదటి అరగంట మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం పాటించడం పిల్లలకన్నా మాస్టార్లకే కష్టం.

ఇక అప్పగింతలు. చివరి వారం కొత్త పనేదీ మొదలుపెట్టకూడదు. లెక్కలన్నీ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, ప్రతి పేటలోనూ చదివి వినిపించాలి, తప్పులుంటే అక్కడే దిద్దించుకోవాలి. ఇంటి పేర్లు ఉండకూడదు. ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి సచివాలయానికి, ఒకటి గ్రామ సంఘానికి ఇవ్వాలి. కాలేజీకి ఇచ్చే నివేదిక ఆ తర్వాతే, అదీ ఇరవై పేజీలు మించకుండా. పోయినేటి జట్టు పేరాలు ఎత్తి అంటించారేమో చూడాలంటే ఊళ్లో ఎన్ని గడపలున్నాయని అడిగితే చాలు.

టీడీఎస్ మీటరు గ్రామ సంఘంలో నీళ్ల పరీక్షలు నేర్చుకున్న అక్కలకే ఉండిపోవాలి, సంతకం తీసుకుని ఇవ్వాలి. రెండు ఎల్ఆర్44 బటన్ సెల్స్ పడతాయి, గడియారాల కొట్లో దొరుకుతాయి. ఆ సంగతి మూత లోపల చీటీ మీద రాసి అంటించమని రేపటి జట్టు పెద్దకు చెప్పాలి. నల్లబడిన సీసాలను క్లోరిన్ ద్రావణం పోసి కాసేపుంచాకే పారబోయమని కూడా.