తిరిగొచ్చిన లాప్‌టాప్‌లో ముందువారి జాడలు

మా కౌంటర్‌లో అరువిచ్చే లాప్‌టాప్‌లలో ఈ రోజు ఉదయం తిరిగొచ్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని బ్రౌజర్ తెరిస్తే, అంతకు ముందు వాడినవారి మెయిల్ ఇన్‌బాక్స్ నేరుగా తెర మీదికి వచ్చింది. పాస్‌వర్డ్ అడగలేదు, ఫోన్‌కు వచ్చే కోడ్ అడగలేదు. ఒక్క అక్షరమైనా చదవకుండా మూసేశాను గానీ, నా స్థానంలో తరువాత అరువు తీసుకునే వ్యక్తి ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన చాలాసేపు వదల్లేదు. ఒకసారి లాగిన్ అయ్యాక ఆ సైటు బ్రౌజర్‌లో ఒక సెషన్ కుకీని, అంటే లాగిన్ అయ్యారని గుర్తుగా ఒక చిన్న సమాచార ముక్కను, ఉంచుతుంది. అది చెల్లుబాటులో ఉన్నంతకాలం యంత్రం ముందు ఎవరు కూర్చున్నా సైటు దృష్టిలో వారే ఖాతాదారు. రెండంచెల భద్రత పెట్టుకున్నవారికి కూడా ఇక్కడ రక్షణ దొరకదు, ఎందుకంటే ఆ రెండంచెలనూ వారు ముందే దాటేశారు.

ఇప్పటిదాకా మా పద్ధతి చేత్తో తుడవడమే: డౌన్‌లోడ్స్ ఖాళీ చేయడం, డెస్క్‌టాప్ మీద ఉన్నవి తీసేయడం, బ్రౌజర్ హిస్టరీ చెరపడం. రద్దీ వేళ ఒకరు తిరిగిస్తుండగానే మరొకరు అడుగుతుంటే ఈ పనుల్లో ఏదో ఒకటి జారిపోక మానదు. తుడిచే బాధ్యతను తీసుకెళ్లినవారి మీదే పెట్టడం నాకు న్యాయంగా తోచదు. సొంత యంత్రం పాడైపోయి, పరీక్షో ఇంటర్వ్యూనో నెత్తిమీద పెట్టుకుని వచ్చిన మనిషికి ఆ ధ్యాస ఎక్కడ ఉంటుంది? పైగా చేత్తో తుడవడంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. క్రోమ్‌లో వారి గూగుల్ ఖాతా సింక్ అయి (అంటే వారి ఇతర పరికరాలతో జతపడి) ఉన్నప్పుడు మేము మెనూలోంచి హిస్టరీనీ పాస్‌వర్డ్‌లనూ చెరిపితే, అవి ఈ లాప్‌టాప్‌లోంచే కాక వారి ఖాతాలోంచి, దాంతో వారి ఫోన్‌లోంచి కూడా పోతాయి. మేలు చేయబోయి వారికి తీరని నష్టం చేసినవాళ్లమవుతాం.

అందుకే ఈ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని ఈ పనిని పవర్‌షెల్ స్క్రిప్టుకు (విండోస్ వరుసగా అమలు చేసే ఆదేశాల జాబితాకు) అప్పగించాను. ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతికి తీయడం కంటే ఆ యూజర్ ప్రొఫైల్‌నే (ఒక ఖాతాకు చెందిన ఫైళ్లూ సెట్టింగులూ ఉండే చోటునే) మొత్తంగా తొలగించడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం. మా లాప్‌టాప్‌లన్నిటిలో అరువు తీసుకునేవారికి ఒకే విండోస్ ఖాతా ఉంటుంది. క్రోమ్ దాచే పాస్‌వర్డ్‌లు ఆ విండోస్ ఖాతాకు ముడిపడి ఎన్‌క్రిప్ట్ అవుతాయి (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మారతాయి) కాబట్టి, అందరూ ఒకే ఖాతా వాడే చోట ఆ ఎన్‌క్రిప్షన్ ఒకరి నుంచి మరొకరిని ఏమాత్రం కాపాడదు. బ్రౌజర్ డేటా, డాక్యుమెంట్లు, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా అన్నీ సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ కింద ఆ ఖాతా పేరుతోనే ఉంటాయి. అలాగని ఆ ఫోల్డర్ ఒక్కటే చెరిపితే చాలదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్‌లో ఆ ఖాతా నమోదు మిగిలిపోతుంది, తరువాతి లాగిన్‌లో విండోస్ ఒక తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చి ఊరుకుంటుంది, అందులో చేసిన పని సైన్ అవుట్ కాగానే మాయమవుతుంది. ప్రొఫైళ్లను నిర్వహించడానికి విండోస్‌లోనే ఉన్న విన్32 యూజర్ ప్రొఫైల్ అనే క్లాస్ ద్వారా తొలగిస్తే ఫోల్డరూ నమోదూ రెండూ కలిసి పోతాయి. సిస్టమ్ ప్రొఫైళ్లనూ మా అడ్మిన్ ఖాతానూ ముట్టకుండా షరతులు పెట్టాను. తరువాత ఎవరు లాగిన్ అయినా డిఫాల్ట్ ఫోల్డర్ నుంచి కొత్త ప్రొఫైల్ తయారవుతుంది.

ఎలా తొలగించాలన్నదానికంటే ఎప్పుడు తొలగించాలన్నదే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. ఇన్ని రోజులు దాటిన ప్రొఫైళ్లను రీస్టార్ట్‌లో తీసేయమని చెప్పే గ్రూప్ పాలసీ (అడ్మిన్ పెట్టగల నియమం) విండోస్‌లోనే ఉంది, కానీ అది రోజుల లెక్కన నడుస్తుంది. మా దగ్గర ఉదయం తిరిగొచ్చినది మధ్యాహ్నానికే ఇంకొకరి చేతిలో ఉంటుంది. ప్రతి స్టార్టప్‌లోనూ తుడిచేద్దామంటే, కొన్ని రోజుల కోసం తీసుకెళ్లినవారి లాప్‌టాప్ రాత్రి అప్‌డేట్ కోసం తనంతట తాను రీస్టార్ట్ అయితే వారి సగం పని తుడిచిపెట్టుకుపోతుంది. అది నేను ఒప్పుకోలేను. చివరికి తుడిచే పనిని తిరిగి ఇచ్చే ఘడియకే ముడిపెట్టాను: కౌంటర్‌లో ఉన్నవారు లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి అడ్మిన్ ఖాతాతో లాగిన్ అవుతారు, ఆ లాగినే స్క్రిప్టును నడిపిస్తుంది. రీస్టార్ట్ ఎందుకంటే, మూత మూసి తెచ్చిన లాప్‌టాప్‌లో పాత సెషన్ ఇంకా నడుస్తూ ఉంటుంది, వాడుకలో ఉన్న ప్రొఫైల్‌ను తొలగించడం కుదరదు.

తరువాత పరీక్ష పెట్టాను. అరువు ఖాతాలో ఒక పరీక్షా మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ సేవ్ చేశాను, డౌన్‌లోడ్స్‌లో ఒక ఫైలు పెట్టాను, మరొకటి సి డ్రైవ్ మొదట్లోనే కొత్త ఫోల్డర్ చేసి అందులో పెట్టాను, నా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపాను, ఆపై స్క్రిప్టు నడిపాను. మెయిలూ పాస్‌వర్డూ డౌన్‌లోడూ పోయాయి. సి డ్రైవ్‌లోని ఫోల్డర్ చెక్కుచెదరలేదు, హాట్‌స్పాట్ పేరు వైఫై జాబితాలో అలాగే ఉంది. సేవ్ అయిన వైఫై నెట్‌వర్క్‌లు మామూలుగా ప్రొఫైల్‌లో కాక యంత్రం మొత్తానికీ చెందినట్టు ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ కింద ఉంటాయి. చాలామంది ఇంటి వైఫైకి తమ పేరో ఇంటిపేరో పెట్టుకుంటారు కాబట్టి, ఆ జాబితా చూస్తే ఈ యంత్రం ఎవరెవరి ఇళ్లకు వెళ్లిందో తెలిసిపోతుంది. మా సొంత నెట్‌వర్క్ తప్ప మిగిలినవన్నీ నెట్‌ష్ అనే విండోస్ నెట్‌వర్క్ ఆదేశంతో తీసేసేలా మార్చాను. డ్రైవ్ మొదట్లో మేము పెట్టనివాటినీ, పబ్లిక్ ఫోల్డర్‌నూ, ప్రొఫైల్‌కు వెలుపల ఉండే రీసైకిల్ బిన్‌నూ, జత చేసిన బ్లూటూత్ పరికరాలనూ జాబితాలో చేర్చాను. చివర్లో స్క్రిప్టు ఇవన్నీ మళ్లీ వెతికి చూస్తుంది. ఏ ఒక్కటి మిగిలినా తెర ఎర్రగా మారుతుంది, ఆ లాప్‌టాప్ అరువు బీరువాలోకి వెళ్లదు. లాగ్‌లో లాప్‌టాప్ సంఖ్య, సమయం, ఫలితం మాత్రమే ఉంటాయి. వాడినవారి పేరు గానీ ఫైళ్ల పేర్లు గానీ అందులో రానివ్వలేదు.

సాయంత్రం దీన్ని చూపించినప్పుడు కౌంటర్‌లో ఉండే సహోద్యోగి, "ఎవరైనా ఫైలు మరిచిపోయామని వస్తే ఎలా అండీ? ఒక వారం పక్కన దాచి ఉంచుదామా?" అని అడిగారు. ఆమె అడిగినది దయతోనే, ఆ బాధ నాకూ తెలుసు. కానీ దాచడం మొదలుపెడితే ఎంతోమంది మెయిళ్లూ గుర్తింపు పత్రాలూ మా దగ్గర పోగుపడతాయి, వాటికి కాపలా కాసే బాధ్యత మేము కోరి తెచ్చుకున్నట్టవుతుంది. దానికి బదులు రీస్టార్ట్ నొక్కే ముందు, "మీ ఫైళ్లన్నీ తీసుకున్నారా అండీ? తిరిగిచ్చాక ఇవి దొరకవు" అని ప్రతి ఒక్కరినీ అడగాలనీ, తీసుకోనివారికి అక్కడికక్కడే పెన్‌డ్రైవ్ ఇచ్చి కాపీ చేసుకునే వ్యవధి ఇవ్వాలనీ ఇద్దరం ఒప్పుకున్నాం. ఇదే మాటను డెస్క్‌టాప్ వాల్‌పేపర్ మీద కూడా పెద్ద అక్షరాలతో రాయించాను.

ఫైలును చెరిపినంత మాత్రాన లాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లోంచి ఆ సమాచారం ఆ క్షణమే పూర్తిగా పోతుందనడానికి వీల్లేదు. అందుకే అన్ని డ్రైవ్‌లకూ, డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉందో లేదో చూశాను, అరువు ఖాతాకు అడ్మిన్ హక్కులు లేవని కూడా నిర్ధారించుకున్నాను. బ్రౌజర్ పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడగకుండా పాలసీతో ఆపేశాను. బ్రౌజర్ మూయగానే అన్నీ పోయే తాత్కాలిక ప్రొఫైల్ పాలసీ కూడా క్రోమ్‌లో ఉంది గానీ, రోజుల తరబడి వాడేవారు ప్రతిసారీ లాగిన్ కావలసి వస్తుందని దాన్ని ప్రస్తుతానికి పెట్టలేదు. ఒక్క పూటకే ఇచ్చే లాప్‌టాప్‌లకు మాత్రం రేపు పెట్టి చూస్తాను.