సీబీపీలో కనబడని సగం

“రక్తం చెడిపోయిందా మేడం?” సీబీపీ, అంటే రక్తకణాల్ని లెక్కపెట్టే పరీక్షలో, తెల్లకణాల కౌంటు 15,000 దాటిన రిపోర్టు ఇచ్చినప్పుడల్లా మా ల్యాబులో వినబడే ప్రశ్న ఇది. మొన్న పాదంలో తుమ్మముల్లు విరిగి, కాలు వాచి వచ్చిన పెద్దాయనా అదే అడిగాడు. “చెడిపోలేదు బాబాయ్, ఎముకల్లో మూలుగ కొత్త కణాల్ని పంపిస్తోంది” అన్నాను. వెనక జనం ఉన్నారు కాబట్టి అంతటితో ఆపేశాను.

తెల్లకణాల్లో ఎక్కువ వంతు, క్రిముల మీదికి ముందుగా వెళ్లేవి న్యూట్రోఫిల్స్. నిజానికి నేను లెక్కపెట్టేది వాటిలో దారిలో ఉన్నవాటినే. ముల్లు దగ్గరికి చేరిపోయినవి నా స్లైడు మీదికి రావు. ఒంట్లో ఏ గొడవా లేని రోజున కూడా రక్తనాళాల్లోని న్యూట్రోఫిల్స్‌లో సుమారు సగం నాళాల గోడల్ని పట్టుకునే ఉంటాయి, సిరంజిలోకి రావు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకున్నవాళ్లకి ఇన్ఫెక్షన్ లేకపోయినా కౌంటు ఎగబాకడం ఇందుకే: గోడల మీదివి ఊడి ప్రవాహంలో కలుస్తాయి, మూలుగలోంచి మరికొన్ని బయటపడతాయి. ఆ అంకె ఒక్కటే చూసుకుని మందుల షాపులో యాంటీబయాటిక్ కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఆ పాదం లోపల. అక్కడే కాపురముండే కాపలా కణాలు, మాక్రోఫేజులు, మాస్ట్ కణాలు ముందు పసిగడతాయి. మాస్ట్ కణాల్లోంచి హిస్టమిన్ అనే రసాయనం విడుదలైన నిమిషాల్లో సన్నసిరల లోపలి గోడ మీదికి పి-సెలెక్టిన్ అనే ప్రోటీన్ తేలుతుంది. రక్తంలో కొట్టుకొస్తున్న న్యూట్రోఫిల్ దానికి అంటుకుంటూ, ఊడుతూ, మళ్లీ అంటుకుంటూ దొర్లుతుంది. కదులుతున్న బస్సు దిగినవాడు కమ్మీ వదలకుండా నాలుగడుగులు పరిగెత్తినట్టు. గోడ మీదున్న ఇంటర్‌ల్యూకిన్-8 అనే పిలుపు రసాయనం తగిలిందా, న్యూట్రోఫిల్ మీది ఇంటెగ్రిన్లనే పట్టు ప్రోటీన్లు నిటారుగా లేచి గట్టిగా పట్టేస్తాయి. అది చదునై, కాస్త పాకి, గోడ కణాల సందులోంచి దూరుతుంది. స్లైడుకి వేసే లీష్మన్ రంగులో ఊదాగా కనబడే దాని కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది కదా, ఇరుకులో దూరడానికి ఆ ఆకారం పనికొస్తుందంటారు.

బయటపడ్డాక రసాయనం ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతుంది. బ్యాక్టీరియా ప్రోటీన్ల మొదట్లో ఉండే ఫార్మైల్ పెప్టైడ్లనే చిన్న ముక్కలు దాన్ని బాగా లాగుతాయి. మన కణాల్లోని మైటోకాండ్రియా కూడా అలాంటివే తయారుచేస్తాయి, దెబ్బతిన్న కణాల్లోంచి అవి చిందుతాయి. క్రిమి లేని బెణుకు చుట్టూ కూడా న్యూట్రోఫిల్స్ మూగడానికి అదొక కారణం.

చీములోని కణాలు అక్కడి కణజాలంలోనే పుడతాయని జర్మన్ వైద్య శాస్త్రవేత్త విర్కో లాంటి మహానుభావుడే నమ్మాడు. ఆయన శిష్యుడు కోన్‌హైమ్ కప్ప రక్తంలోకి రంగు ఎక్కించి, కంటి ముందుండే పారదర్శక పొరను (కార్నియాను) రేపెట్టి చూశాడు. రంగు పట్టిన కణాలు ఆ పొరలో కనబడ్డాయి. అవి రక్తంలోంచే వస్తాయని 1867లో ప్రకటించాడు. గురువుగారి మాటకి ఎదురెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు!

ఈ దారి మూసుకుపోతే ఏమవుతుందో ఎల్ఏడీ అనే, తెల్లకణాలు గోడని పట్టుకోలేని అరుదైన జన్యులోపం చూపిస్తుంది. దాని మొదటి రకంలో ఇంటెగ్రిన్లకు కావలసిన సీడీ18 అనే ప్రోటీన్ ఉండదు, లేదా చాలా తక్కువ. బిడ్డకి వారాలు గడిచినా బొడ్డు ఊడదు. పుండు పడుతుంది గానీ చీము పట్టదు. కౌంటు మాత్రం ఆకాశాన్నంటుతుంది, కణాలన్నీ రక్తంలోనే తిరుగుతుంటాయి మరి. పసిబిడ్డ రిపోర్టులో అలాంటి అంకె కనబడితే ఆ తల్లిని నేను బొడ్డు ఎప్పుడు ఊడిందని అడిగి, ఆ మాట డాక్టరు చెవిన వేస్తాను. తేల్చడానికి కణాల మీది ప్రోటీన్లను చూసే ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష ఉంది, అది పెద్ద ల్యాబుకి పంపాలి.