పాత ట్రాన్సిస్టర్‌లో పాట్ మార్చేటప్పుడు

1951లో జాన్ కేజ్ 12 రేడియోలకు రాసిన రచనలో ఒక్కో సెట్టు దగ్గర ఇద్దరు కూర్చుంటారు. ఒకరు స్టేషన్ తిప్పుతారు, ఇంకొకరు వాల్యూమ్ చూసుకుంటారు. రేడియోను వాయిద్యంలా వాడాలంటే ఆ రెండో మనిషి చెయ్యి పడే చోటు గట్టిగా ఉండాలి. పాత సెట్లలోని కార్బన్ పాట్ (వాల్యూమ్ తిప్పే పొటెన్షియోమీటర్) రోజుకు నాలుగైదుసార్లు తిప్పడానికి చేసినది. అదేపనిగా ఆడిస్తే లోపలి కార్బన్ ట్రాక్ త్వరగా అరుగుతుంది.

ఇక్కడ చెప్పేదంతా 6, 9 వోల్టుల బ్యాటరీ సెట్ల గురించే. వాల్వు సెట్లలో, అందులోనూ ట్రాన్స్‌ఫార్మర్ లేనివాటిలో, ఛాసిస్సే షాక్ కొట్టొచ్చు. వాటి జోలికి పోకండి.

గరగరమనగానే పాట్ పీకేయొద్దు. పాట్ మధ్యకాలు నుంచి తర్వాతి ట్రాన్సిస్టర్‌కు వెళ్లే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లీకైనా గరగర వస్తుంది. బేస్ కరెంటు ట్రాక్ మీదుగా పోవడమే దానికి కారణం, కొత్త పాట్ వేసినా అది పోదు. కాబట్టి ముందు ఆ కెపాసిటర్ మార్చండి, పాట్ కన్నా చవక. పాతదాని ప్లస్, మైనస్ ఎటున్నాయో చూసి అలాగే పెట్టాలి.

ఇక విలువ. ఈ సెట్లలో ఎక్కువగా ఉండేది 5కె లేదా 10కె (కె అంటే కిలోఓమ్) లాగ్, వెనక స్విచ్‌తో. తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ సమానంగా పెరిగేది లీనియర్, మొదట మెల్లగా, చివర్లో వేగంగా పెరిగేది లాగ్. బోర్డు మీద ఉండగా మీటర్ పెడితే తక్కువ చూపిస్తుంది, విప్పాకే కొలవండి. సగం తిప్పి మధ్యకాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య కొలిస్తే, లీనియర్ అయితే మొత్తంలో సగం వస్తుంది, లాగ్ అయితే పది ఇరవై శాతమే. ఇప్పటి పాట్ల మీద ఏ అంటే లాగ్, బీ అంటే లీనియర్. పాత యూరప్ సరుకులో అది తిరగబడి ఉండొచ్చు, కాబట్టి అక్షరాన్ని కాదు, మీటర్‌ని నమ్మండి.

5కె చోట 10కె వేసినా నడుస్తుంది. 100కె వేస్తే మాత్రం ముప్పావు వంతు తిప్పేదాకా దాదాపు ఏమీ వినపడదు, చివర్లో ఒక్కసారిగా మోగుతుంది. తర్వాతి ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ కొద్ది కిలోఓమ్‌లే కావడం వల్ల అలా అవుతుంది. లీనియర్‌కి ఒక రెసిస్టర్ తగిలించి లాగ్ చేసే చిట్కా ఉంది కదా, దాన్ని ఇక్కడ వాడొద్దు. ఫుల్ వాల్యూమ్‌లో అది డిటెక్టర్ (రేడియో సిగ్నల్ నుంచి ధ్వనిని విడదీసే భాగం) మీద భారం వేస్తుంది. ఆ తక్కువ ఇన్‌పుట్ వల్ల 10కె లీనియర్ ఎలాగూ కొంత లాగ్‌లా వంగుతుంది, చేత్తో ఆడించేవాళ్లకు అదే హాయి.

విప్పేటప్పుడు పాత గోధుమరంగు బోర్డుతో జాగ్రత్త, వేడి ఎక్కువైతే రాగి గీత లేచిపోతుంది. కాళ్లు ముందే కత్తిరించి, 25 వాట్ల ఐరన్‌తో ఒక్కొక్కటిగా తియ్యండి, ఒక్కోదాని మీద మూడు సెకన్లకు మించొద్దు. కొత్తదానికి స్విచ్ లేకపోతే పాత స్విచ్ కాళ్లున్న రెండు చోట్లా టాగిల్ స్విచ్ కలపాలి, లేదంటే సెట్టు పలకదు. వాయించేవాళ్లకు స్విచ్ విడిగా ఉండటమే మేలు. లేకపోతే వాల్యూమ్ కిందికి తెచ్చినప్పుడల్లా టక్కున ఆగిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

పాట్‌ను డబ్బా బయటికి తెస్తే షీల్డు వైరే వాడండి. షీల్డు కలపాల్సింది సెట్టు కామన్‌కి, అంటే గ్రౌండ్‌కి. పీఎన్‌పీ రకం జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత సెట్లలో చాలావాటికి అది బ్యాటరీ ప్లస్. అలాంటిదాన్నీ మామూలు సెట్టునీ ఒకే అడాప్టర్ మీద నడుపుతూ ఆడియో తీగలు కలిపితే సప్లై షార్టవుతుంది. షీల్డు లేని పొడుగు తీగ పెడితే డిటెక్టర్‌లో మిగిలిన 455 కిలోహెర్ట్జ్ సిగ్నల్ (సెట్టు లోపల వాడే మధ్య ఫ్రీక్వెన్సీ) ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ రాడ్‌కు తిరిగి చేరి ఈల వేస్తుంది. ఆ ఈలే కావాలనుకునేవాళ్లూ ఉంటారు!

వింత శబ్దాల కోసం చాలామంది తర్వాత చేసేది బ్యాటరీకి వరుసలో ఒక పాట్ పెట్టి వోల్టేజీ తగ్గించడం. ఇక్కడ 1కె కార్బన్ పాట్ మాడిపోతుంది. అది తట్టుకునే 0.2 వాట్లని 1000 ఓమ్‌లతో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 14 మిల్లీఆంపులు. ట్రాక్ మీద ఎక్కడైనా అంతే ఓర్చుకుంటుంది. గట్టిగా మోగే సెట్టు దానికి రెండుమూడు రెట్లు లాగుతుంది. 470 ఓమ్‌ల 2 వాట్ల వైర్‌వౌండ్ (తీగ చుట్టిన పాట్) అయితే 65 మిల్లీఆంపుల దాకా ఓరుస్తుంది. వోల్టేజీ పడేకొద్దీ స్టేషన్ జరుగుతుంది, తర్వాత బుడబుడ మొదలవుతుంది. సప్లై మీదున్న పెద్ద ఎలక్ట్రోలిటిక్ విలువ తగ్గిస్తే ఆ బుడబుడ వేగం పెరుగుతుంది.